గీతకి జానెడు కింద

కిందటి వారం మనం కోడల్ని వీధిగదిలో వదిలి వచ్చాం. ముప్పై రెండేళ్ళుగా ఎవరూ కదపని బీరువాని భుజంతో నెట్టి, దాని వెనక గోడని తడిగుడ్డతో తుడుస్తూ తుడుస్తూ ఒక్కసారిగా చెయ్యి ఆపేసింది. అది నిన్నటి మాట. మనిషి ఇవాళ వంటింట్లో తిరుగుతోందే గాని, పాపం, ఆ పిల్ల మనసు ఇంకా ఆ బీరువా వెనకే నిలబడి ఉంది.

బీరువా వెనక ఏముంది? నిధి లేదు, పాము లేదు. అంకెలు ఉన్నాయి.

అది రాతిగోడల ఇల్లు. గోడ విప్పి మళ్ళీ కట్టాల్సి వస్తే, ఏ రాయి ఏ వరసదో మరిచిపోకుండా వెనకవైపు ఎర్రరంగుతో వరస అంకె వేసుకోవడం అక్కడి తాపీ పనివాళ్ళ పద్ధతి. అడుగు వరస రాళ్ళన్నిటికీ ఒకటి, దాని మీది వరసకి రెండు, అలా పైకి. కోడలి చదువు ఎనిమిదో తరగతి మధ్యలో ఆగిపోయింది. అంకెలు చదవడానికి అంతకంటే పెద్ద చదువు అక్కర్లేదు. ఆరో వరసలో అన్నీ ఆరులే, ఒక్కటి తప్ప. దాని మీద ఏడు ఉంది. సరిగ్గా దాని నెత్తిన, ఏడో వరసలో అన్నీ ఏడులే, ఒక్కటి తప్ప. దాని మీద ఆరు ఉంది.

రెండు రాళ్ళు ఒకదాని చోట ఒకటి కూర్చున్నాయి. కూర్చుంటే కూర్చున్నాయి, ఏం పోయింది అంటారా? ఏడో వరస ఎక్కి కూర్చున్న రాయి మామూలు రాయి కాదు. గోడ మందమంతా పొడుగున్న రాయి అది. దాని వెనక ముఖం గదిలో ఉంటే, ముందు ముఖం వీధిలో ఉంటుంది. ఆ ముందు ముఖం మీదే గీత ఉంది.

గీత అంటే ఊళ్ళో వేరే చెప్పక్కర్లేదు. నూరేళ్ళకి పైబడిన మాట. ఊరు మునిగిన ఏడాది నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో, ఎవరో పుణ్యాత్ముడు ఆ రాయి మీద అడ్డంగా ఒక గీతా, పక్కన ఆ ఏడాదీ చెక్కి పోయాడు. ఆయన పోయాడు గాని గీత పోలేదు. వీధిలో ఏ ఇంటికీ గీత మట్టానికి కింద కొత్త కన్నం పెట్టకూడదని ఊరి కట్టడాల ఆఫీసు రూలు. పాత ఊరు కదా, ఏది ముట్టుకున్నా ఆఫీసే. తలుపు రంగుకి ఆఫీసు, పగిలిన పెంకుకి ఆఫీసు. ఈ ఇంటి పై అంతస్తు చెక్కలు పుచ్చిపోయాయని మెట్లకి అడ్డంగా తాడు కట్టి, ‘పరిశీలనలో ఉంది’ అని అట్టముక్క వేలాడగట్టి ఐదేళ్ళయింది. పరిశీలించేవాడు మాత్రం పత్తా లేడు.

మేడ లేకపోవడంతో ముగ్గురు పెద్దవాళ్ళూ పది నెలల చంటిదీ కిందే సర్దుకున్నారు. మామగారు వంటింటి పక్కన నులకమంచం వేసుకుంటే, వీధిగది కోడలికీ కొడుక్కీ చంటిదానికీ వచ్చింది. వీధిగదికి కిటికీ లేదు. దాని దూలాలు ఎంత కిందకి ఉంటాయంటే, గీతకీ దూలానికీ మధ్య మిగిలేది జానెడు. జానెడులో కిటికీ ఏం పడుతుంది, పిచ్చుకగూడు పడుతుంది. అదే గీత ఒక్క వరస, అంటే ఇంకో జానెడు, కిందకి ఉంటేనా! మూరెడు కిటికీ పడుతుంది. మూరెడు ఎండ పడుతుంది.

చంటిది దగ్గుతోంది. నాలుగోసారి తీసుకెళ్ళినప్పుడు మందులిచ్చే డాక్టరమ్మ చీటీ కూడా రాయలేదు. “ఇంక సీసాలో పోసిచ్చేది ఏమీ లేదమ్మా. గాలి, ఎండ. ఈ చెమ్మలో ఇంకో వానాకాలం గడిపితే దాని ఛాతీకి నేను హామీ ఇవ్వలేను,” అంది. ఆ మాట అప్పటినుంచీ కోడలి చెవిలో ఉయ్యాల ఊగుతూనే ఉంది.

ఇక్కడికి నిన్నటి కథ అయింది. ఇవాళ పొద్దున ఆమె ఒక పని చేసింది. మంచిదో చెడ్డదో మీరే చెప్పాలి.

*

పొద్దున్నే, సముద్రపు పోటు నీళ్ళు వీధిలోకి రాకముందే, ఎదురింటి మేడ కిటికీలోంచి దర్జీ పిన్ని తాడుకి కట్టిన బుట్ట కిందకి దించింది. ఆ వీధిలో ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ బుట్టలోనే. చంటిదానికి కుట్టిన రెండు చొక్కాలు వచ్చాయి. కోడలు వాటిని తీసుకుని, నాలుగు మడతలు పెట్టిన కాగితం బుట్టలో వేసింది.

“ఏంటే పిల్లా ఇది?”

“మీ మేడ మీద అద్దెకి దిగిన సర్వేయరుగారికి పిన్నీ. ఆయన గది తలుపు కింద నుంచి తోసెయ్యండి చాలు. నేనిచ్చానని చెప్పకండి.”

“అయ్యో అయ్యో! ఇటు సరంగు మొగుడు పడవ మీద ఉండగానే అటు సర్వేయరుకి కాగితాలా! ఆయన నెత్తి మీద నాలుగు వెంట్రుకలు కూడా లేవు కదే. ఇంకాస్త మంచివాణ్ణి చూసుకోకూడదూ?”

“పిన్నీ, మీకు దణ్ణం పెడతాను, మెల్లిగా.”

“సరేలే, నా నోరు కుట్టేసుకున్నా అనుకో,” అని పిన్ని బుట్ట లాక్కుంది. పిన్ని నోట్లో నువ్వుగింజ నానదని వీధిలో అందరికీ తెలుసు. తెలిసీ ఆ పని చేసిందంటే, కోడలు ఎంత ఇరుకున పడి ఉందో చూసుకోండి.

కాగితంలో పేరు లేదు. రెండే వాక్యాలు. ‘గీత రాయి దాని వరసలో లేదు. ఇత్తడి పట్టీ వెయ్యకముందు గోడ లోపలివైపు బీరువా జరిపి అంకెలు చూడండి.’

ఆ పట్టీ సంగతి చెప్పాలి. సర్వేయరు వచ్చిందే దానికోసం. ఇవాళ పోటు దిగగానే గీత మట్టాన్ని కొలిచి, వీధి రెండు వైపులా ప్రతి గోడకీ ఇత్తడి పట్టీ బిగిస్తారు. ఆ తరవాత అది చట్టం. దాన్ని కదపడానికి ఆ ఆఫీసు కాదు, దాని తాతే దిగి రావాలి. బిగించేముందు, ఈ రాయి ముందునుంచీ ఇదే చోట ఉందని ఒక సాక్షి వేలిముద్ర వెయ్యాలి. సాక్షి ఎవరు? ముప్పై రెండేళ్ళ కిందట ఆ గోడ విప్పి కట్టిన తాపీ మేస్త్రి. ఊరు చూడ్డానికి వచ్చేవాళ్ళందరికీ గీత కథ చెప్పి చెప్పి ‘గీత తాత’ అని పేరు తెచ్చుకున్న పెద్దమనిషి. ఆమె మామగారు.

ఆఫీసు నోటీసు ఆయనకి చదివి వినిపించింది కూడా ఆమే. ఆయనకి అంకెలు వచ్చు, అక్షరాలు రావు. నోటీసు విని, “ఊఁ” అన్నాడు. అంతే. ఆ పూట అన్నం సగంలో లేచిపోయాడు. ఎందుకో ఆమెకి అప్పుడు తెలియలేదు. నిన్న బీరువా జరిపాక తెలిసింది.

*

రేవు గంట మూడుసార్లు మోగింది. మూడుసార్లంటే నీళ్ళు మోకాలు దాటతాయని.

మామా కోడళ్ళు ఇద్దరూ అడ్డుపలకలు తెచ్చారు. ఆ వీధిలో ప్రతి వాకిలికీ రెండు పక్కలా రాతిలో గాడి ఉంటుంది. నాలుగు పలకల్ని ఒకదాని మీద ఒకటి గాడిలోకి దింపి, సందుల్లో బంకమట్టి కూరితే, వాకిలి నడుము పైదాకా మూసుకుపోతుంది. నీళ్ళు దిగేదాకా లోపలివాళ్ళు లోపలే, బయటివాళ్ళు బయటే. మూడు గంటలు పడుతుంది, ఒక్కోసారి నాలుగు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మొదటిసారి ఈ పలకలు దిగుతుంటే కోడలు బిక్కమొహం వేసింది. “డబ్బాలో పెట్టి మూత పెడుతున్నట్టుంది,” అని మొగుడితో అంటే అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఇప్పుడు అలవాటైంది. అలవాటంటే భయం పోవడం కాదు, భయపడుతూనే పప్పు కడగడం.

మొగుడు పొద్దున్నే అవతలి ఒడ్డుకి పడవ తీసుకెళ్ళాడు. రెండేళ్ళ కిందట చేరిన ఉద్యోగం, సరంగు పని. పోటు దిగేటప్పటికి వస్తాడు.

మామగారు పీట వేసుకుని కూర్చుని మట్టి పిసుకుతున్నాడు. చంటిది వీధిగదిలో ఉయ్యాల్లో నిద్రపోతోంది. నీళ్ళు మొదటి పలకని నాకుతున్న చప్పుడు. కోడలు గడప పక్కన నిలబడి ఉంది. నిన్నటినుంచీ నోట్లో నానుతున్న మాట, ఎలా మొదలుపెట్టాలో తెలియని మాట.

“మావయ్యా, ఈ పలకలకి అంకెలెందుకేశారు?”

ఆయన తలెత్తలేదు. “నాలుగేళ్ళుగా దింపుతున్నావు, ఇవాళొచ్చిందా ఆ సందేహం? రెండో దాని చోట మూడోది పెడితే గాడిలో కూర్చోదమ్మా. సందు పడుతుంది. సందు పడితే నీళ్ళొస్తాయి.”

“మరి రాళ్ళు?”

“రాళ్ళేంటి?”

“ఏడో వరసలో ఆరోది పెడితే కూర్చుంటుందా?”

మట్టిలో ఆయన చెయ్యి ఆగిపోయింది. అంత పెద్ద చెయ్యి. జీవితమంతా రాళ్ళు మోసిన చెయ్యి. మణికట్టుదాకా మట్టిలో దిగి, అందులోనే ఉండిపోయింది.

“బీరువా జరిపావా,” అన్నాడు.

“బూజు తుడుద్దామని మావయ్యా. దగ్గుతోంది కదా.”

“జరపద్దన్నాను కదా.”

“అన్నారు. ఎందుకో చెప్పలేదు.”

“పెద్దవాడు వద్దంటే ఎందుకని అడుగుతారా ఎవరైనా?”

“అడగలేదుగా. నాలుగేళ్ళు అడగలేదు. చంటిది దగ్గుతుంటే కూడా అడగలేదు. నా ఖర్మ, తుడుద్దామని జరిపాను.”

ఆయన నవ్వబోయాడు. నవ్వు మీసం దాకా వచ్చి ఆగింది. “పిచ్చిపిల్లా, అవి పాత అంకెలు. ఆ రెండు రాళ్ళూ ఒకటే కొలత. ఏది ఎక్కడుంటేనేం, గోడ నిలబడింది కదా. రాయికి కింద మీద ఏముంది?”

“మీరే చెప్తారు కదా మావయ్యా, ఊరు చూడ్డానికొచ్చిన వాళ్ళందరికీ. గోడంటే రాళ్ళ గుట్ట కాదు, ఏ రాయి చోట ఆ రాయి ఉంటేనే గోడ అని. లోపల కూర్చుని వింటూనే ఉంటాను. వాళ్ళేమో ‘అబ్బ, ఇలాంటి ఊళ్ళో పుట్టడం ఎంత అదృష్టమండీ’ అంటారు. రెండు రోజులు మా గదిలో పడుకోండమ్మా, అదృష్టం ముక్కుకి తెలుస్తుందని అందామనుకుంటాను. అనను. ఏమీ అనను నేను. ఇవాళొక్కటే అడుగుతున్నాను. ఆ రాయి మీరు కావాలని పెట్టారా?”

“కావాలని పెట్టేవాడు బీరువా ఎందుకడ్డం పెడతాడే?” అని గట్టిగా అరిచాడు ఆయన.

ఆ అరుపుకి చంటిది లేచింది. లేస్తూనే దగ్గు. ఒకటి, రెండు, మూడు... కోడలు లోపలికి పరిగెత్తి, దాన్ని భుజాన వేసుకుని వీపు రాస్తూ తిరిగొచ్చింది. మామగారు గోడకి ఆనుకుని ఉన్నాడు. మట్టి చేతులు మోకాళ్ళ మీద. ఒక్కో దగ్గుకీ ఆయన కళ్ళు ఒకసారి మూసుకుని తెరుచుకోవడం ఆమె చూసింది.

నీళ్ళు రెండో పలక మీదికి వచ్చాయి. బయట వీధి లేదు. ఉన్నదంతా మట్టిరంగు నీళ్ళు. ఎదురింటి మేడ కిటికీలో పిన్ని మిషను మాత్రం టకటకమంటోంది.

“కూర్చో,” అన్నాడు. “నిలబడి వినేది కాదు.”

*

“ఆ ఏడాది గోడ పొట్టపెట్టింది. ముందుకి ఉబ్బింది. ఆఫీసువాళ్ళు విప్పి కట్టమన్నారు. ఊళ్ళో నాకంటే పెద్ద మేస్త్రీలున్నారు, అయినా పని నాకే వచ్చింది. నా ఇల్లు కదా, ప్రాణం పెట్టి చేస్తాననుకున్నారు. పెట్టాను కూడా. ప్రతి రాయికీ అంకె వేశాను. ఐదు వరసలు కట్టాం. ఆరో వరస సగంలో ఉన్నాను. అప్పుడు మీ పిన్ని, ఆ ఎదురింటిదే, అప్పటికి ఇంకా పెళ్ళి కాని పిల్ల, కిటికీలోంచి కేకేసింది. ‘అన్నయ్యా, వదినకి నొప్పులొచ్చాయి, బిడ్డ అడ్డం తిరిగిందంట’ అని.”

కోడలు చంటిదాని వీపు మీద చెయ్యి ఆపింది.

“గోడ విప్పారని మీ అత్తయ్యని వాళ్ళింట్లోనే ఉంచాం. తాపీ అక్కడే పడేసి పోయాను. రోజంతా గుమ్మంలో నిలబెట్టారు. లోపలినుంచి మీ అత్తయ్య కేకలు. సాయంత్రానికి మీ ఆయన పుట్టాడు. తల్లీ బిడ్డా బతికారు. నాకు కాళ్ళు నేల మీద లేవు. సున్నం కలిపి ఉంది, గట్టిపడిపోతుందని మళ్ళీ గోడ దగ్గరికొచ్చాను. కొడుకు పుట్టాడన్న సంబరం, ఇద్దరూ చచ్చిపోతారేమోనని పొద్దుటినుంచీ పట్టుకున్న వణుకు. రెండూ ఒంట్లోనే ఉన్నాయి. చేతికి ఏ రాయి వస్తే అది ఎత్తాను. పదిమందికి మిఠాయి పంచుతూ ఎత్తాను. ఆరో వరసలో ఏడోది కూర్చుంది. మర్నాడు పొద్దున ఏడో వరసలో ఒక్కటే ఖాళీ మిగిలింది, ఒక్కటే రాయి మిగిలింది. గీత రాయి. అప్పుడు తిప్పి చూశాను అంకె.”

“అప్పుడే విప్పొచ్చు కదా మావయ్యా.”

“విప్పొచ్చు. ఆఫీసు పెద్దమనిషి వెనకే నిలబడి ఉన్నాడు. భుజం మీద చెయ్యేసి, ‘ఒక్క రాయి కూడా పొల్లుపోకుండా కట్టావయ్యా’ అన్నాడు. అందరి ముందూ. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. అంత పెద్దవాడు నా భుజం మీద చెయ్యి వెయ్యడం అదే మొదలు.” ఆయన చేతుల మీద మట్టి ఎండి పగుళ్ళు తేలుతోంది. “ఆ చెయ్యి తీశాక చెబుదామనుకున్నాను. ఆ చెయ్యి ఇంకా తియ్యలేదమ్మా.”

కోడలికి జాలి వేసింది. జాలితో పాటే కోపం వచ్చింది. చంటిది భుజం మీద గరగరా ఊపిరి తీస్తోంది, పాత తలుపు తీసినట్టు.

“మీ భుజం మీద చెయ్యి కోసం నా బిడ్డ ఛాతీ మీద రాయి పెట్టారు మావయ్యా.”

అనేసింది. అనేశాక నాలుక కరుచుకుంది. మామగారిని అంత మాట అనడం నాలుగేళ్ళలో అదే మొదటిసారి. ఆయన తిడతాడనుకుంది. తిట్టినా బాగుండేది. ఆయన ఆ మాటని బరువు చూసి దించుకున్న రాయిలాగా తీసుకున్నాడు.

“నిజమే,” అన్నాడు. “కానీ సగం నిజం. మిగతా సగం కూడా విని అప్పుడను.”

“చెప్పండి.”

“పదకొండేళ్ళ కిందట వరదొచ్చింది, తెలుసు కదా.”

తెలుసు. మొగుడు చెప్పాడు. అప్పుడతనికి ఇరవై ఒకటి. వీధి చివర ఎత్తు అరుగు మీద వీధి జనమంతా ఒక పగలూ ఒక రాత్రీ నిలబడ్డారు.

“ఆ అరుగు ఎత్తు ఎవరు నిర్ణయించారు? గీత. నేను గోడ కట్టిన రెండేళ్ళకి, ఆ గీత మట్టానికే అరుగు కట్టారు. ఆ రోజు నీళ్ళు అరుగు అంచుకి రెండు వేళ్ళ కింద ఆగాయి. రెండు వేళ్ళు. నలభై ఆరు మందిమి. చంకల్లో పిల్లలు. దర్జీ పిన్ని ఇద్దరు పిల్లలూ నా కాళ్ళ మధ్య కూర్చుని ఉన్నారు. అందరూ ‘గీత తప్పలేదు, మన పెద్దలు ఎంత సరిగ్గా చెక్కారో’ అని దణ్ణం పెట్టుకుంటున్నారు. నాకొక్కడికే తెలుసు. పెద్దలు చెక్కిన చోట ఆ గీత ఉండుంటే, అరుగు జానెడు తక్కువ ఉండేది. ఆ పసివాళ్ళు కూర్చున్న చోట నీళ్ళుండేవి.” ఆయన గొంతు తగ్గింది. “నా తప్పు మీద నిలబడి వీధి బతికింది. ఇప్పుడు నేనెళ్ళి గీత దింపమంటే, నీ ఒక్క కిటికీతో ఆగుతుందా? ఇటో తలుపు, అటో కొట్టు, ప్రతివాడూ కింద కన్నాలు పెట్టుకుంటాడు. ఆ నీళ్ళు మళ్ళీ రావని ఎవరు చెప్పారు?”

నిన్నటినుంచీ ఆమె మనసులో ఆ మూరెడు కిటికీ తెరుచుకునే ఉంది. అందులోంచి ఎండ వస్తోంది. ఇప్పుడదే కిటికీలోంచి నీళ్ళు రావడం కనబడింది. ఉయ్యాల కింద, ఉయ్యాల దాకా, ఉయ్యాల పైదాకా. కిటికీ పెట్టినా బిడ్డకి గండమే, పెట్టకపోయినా గండమే. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. ఆమెకి రెండూ ఒకే గదిలో ఉన్నాయి, తలుపుకి అడ్డుపలకలు బిగించి ఉన్నాయి.

చంటిది మళ్ళీ దగ్గింది.

“వరద పదకొండేళ్ళకి ఒకసారి వచ్చింది మావయ్యా,” అంది ఆమె మెల్లిగా. “ఇది గంటకోసారి వస్తోంది.”

ఆయన చంటిదాన్ని చూశాడు. అది తాతని చూసి, దగ్గు మధ్యలో, పళ్ళు రాని నోరు తెరిచి నవ్వింది. పసివాళ్ళకేం తెలుసు, నవ్వకూడని చోటేదో.

“సరే,” అన్నాడు ఆయన. “ఇంక నా వల్ల కాదు. ముప్పై రెండేళ్ళు మోశాను, దించుకోవడం తెలియలేదు. నువ్వు చెప్పు. ఆయన వచ్చి వేలు పెట్టమంటాడు. చెప్పెయ్యమంటే చెప్పేస్తాను, వేలు పెట్టమంటే పెట్టేస్తాను. నువ్వేమంటే అది. తల్లివి నువ్వు.”

ఎంత తేలిగ్గా ఇచ్చేశాడండీ! ముప్పై రెండేళ్ళ రాయిని ఎత్తి, పది నెలల బిడ్డని మోస్తున్న చేతుల్లో పెట్టేశాడు.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి కాగితం.

ఆలోచించుకోవడానికి టైమెక్కడుంది? పొద్దున్నే బుట్టలో వేసేసింది. గీత సంగతి తెలుసుకుంది గాని, గీత వెనక సంగతి తెలియకుండానే వేసేసింది. గడప దగ్గరికి పరిగెత్తి, పలకల పైనుంచి తలెత్తి పిలిచింది. “పిన్నీ! పిన్నీ, పొద్దున నేనిచ్చింది...”

మిషను ఆగింది. పిన్ని కిటికీలోంచి తొంగి చూసి, ఘనకార్యం చేసినట్టు కళ్ళెగరేసింది. “ఎప్పుడో తోసేశానే! నేనంటే ఏమనుకున్నావు?”

“ఏమిచ్చావు?” అన్నాడు వెనకనుంచి మామగారు.

ఆమె తిరగలేదు. నీళ్ళు రెండో పలక మీదనుంచి దిగడం మొదలుపెట్టాయి. పలక మీద తడి చార మిగిలింది. చూస్తుండగానే ఆ చార కింద ఇంకో చార. ఎప్పుడూ ఎంతకీ దిగని నీళ్ళు, ఇవాళ పరుగెత్తుకుని పోతున్నట్టున్నాయి.

*

వీధి మలుపులో తెడ్డు చప్పుడు. పడవ నడిపేది ఆమె మొగుడే. ముందు భాగంలో, రేవునుంచి తెచ్చుకున్న ఇత్తడి పట్టీల కట్ట మోకాళ్ళ మీద పెట్టుకుని, బట్టతల సర్వేయరు. పడవ వచ్చి పలకలకి ఆనింది.

“ఏంటి ఇద్దరూ గుమ్మంలోనే ఉన్నారు? పడవకి హారతి పడతారా?” అన్నాడు మొగుడు సరదాగా. ఎవరూ నవ్వకపోయేసరికి అతని నవ్వు కూడా తగ్గింది. “చంటిది దగ్గిందా?”

సర్వేయరు నెమ్మదైన మనిషి. పడవలోనే లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. “తాతగారూ, పని మొదలుపెట్టేముందు ఒక చిన్న మాట. పొద్దున నా గది తలుపు కింద ఈ కాగితం దొరికింది.” జేబులోంచి తీశాడు. నాలుగు మడతలు. “ఇందులో ఒక సంగతి రాసి ఉంది. పేరు లేదు. పేరు లేని కాగితం పట్టుకుని ఎవరి ఇంట్లోనూ సామాను జరిపించే అధికారం నాకు లేదు. రాసినవాళ్ళు ఎదురుగా వచ్చి ‘నాదే’ అంటే, పట్టీ ఆపి చూస్తాను. ఎవరూ అనకపోతే చింపేసి, పట్టీ బిగించి పోతాను. మీరేమైనా ఎరుగుదురా?”

మేడ కిటికీలో పిన్ని, దారం పళ్ళతో కొరకబోయి, అలాగే ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె నోరు అంతసేపు మూసుకుని ఉండటం వీధి చూడలేదు.

అవును అంటే పోయేవి మామగారి పరువూ, వీధి రక్షణా. కాదు అంటే పోయేది చంటిదాని ఊపిరి. కోడలు నోరు తెరిచింది.

మామగారు ఆ కాగితం వైపు చూశాడు. తరవాత ఆమె వైపు చూశాడు. ఒక్క క్షణం. గోడ ఎక్కడ పొట్టపెట్టిందో దూరంనుంచే కనిపెట్టే చూపు అది. పొద్దున ఏమిచ్చిందో ఆయనకి ఇంక ఎవరూ చెప్పక్కర్లేదు.

ఎండిన మట్టి చెయ్యి పలకల మీదుగా బయటికి చాచాడు.

“నాదే బాబూ. నేనే రాశాను.”

“మీరా?” సర్వేయరు తడబడ్డాడు. “మీ మీద మీరే రాసుకున్నారా?”

“ముప్పై రెండేళ్ళయింది. ఇంకెవరు రాస్తారు?”

“మంచిది తాతగారూ. మీలాంటివాళ్ళు అరుదు.” సర్వేయరు కాగితం ఆయన చేతికిచ్చి, రిజిస్టరు తెరిచి, పెన్ను మూత తీశాడు. “అయితే రూలు ప్రకారం, మీరు రాసింది మీ నోటితో చదివితే నేను రాసుకుంటాను. సరంగుగారు సాక్షి. చదవండి.”

మామగారు మడతలు విప్పాడు. కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, చాలా శ్రద్ధగా, మొహానికి ఎదురుగా ఎత్తాడు. గొంతు సవరించుకున్నాడు.

కాగితం తలకిందులుగా ఉంది.

సర్వేయరు రిజిస్టరులోకి తల వంచి ఉన్నాడు, చూడలేదు. చూసింది సరంగు. తెడ్డు పడవలో పెట్టి, ఒక అడుగు ముందుకేసి, నాన్న చేతిలోని కాగితం మీదికి వంగాడు. ప్రతి ఉదయం ఆమె రాసిచ్చే సరుకుల చీటీ అతని చొక్కా జేబులోంచి సగం బయటికి కనబడుతోంది. అదే కాగితం, అవే గుండ్రటి అక్షరాలు.

అతను నాన్న చేతిలో కాగితాన్ని మెల్లిగా, తిన్నగా తిప్పిపెట్టాడు. తిప్పి, తలెత్తి, తన పెళ్ళాం వైపు చూశాడు.